పై అంతస్తు రొద

"మళ్ళీ మొదలెట్టినాడు," అంటూ దాసు అన్నం ముందు నుంచి లేచాడు.

పై అంతస్తులో ఎవరో ఇనప రేకును రంపంతో కోస్తూ, ఆ కోతను మైకులో వినిపిస్తున్నట్టు ఒకటే రొద.

మలేషియాలో, క్లాంగ్ పట్నంలోని ఆ ఇంట్లో దాసు కుటుంబం కింద ఉంటుంది. పైన షిగెతా అనే ముసలి జపాన్ మనిషి కొత్తగా అద్దెకు దిగాడు. అతనికి మలయ్ రాదు, తమిళం రాదు. ఎదురుపడితే తల వంచి తప్పుకుంటాడు.

"ఆయన జపాన్ సినిమాలకి మ్యూజిక్ సేస్తాడు లా," అంది కూతురు మాధవి, అక్కడి అలవాటుగా మాట చివర "లా" తగిలించి. "భూకంపం, సునామీ సీన్లలో పాట పెట్టరట. ఇదే పెడతారట."

"ఇదేటి మ్యూజిక్?"

"వింటే గుండె అదరాలట నాన్నా."

దాసు ఇంటి ఓనరుకు ఫోన్ చేశాడు. నెలాఖరుకల్లా ఖాళీ చేయిస్తానన్నాడు ఓనరు.

ఆ వారమే వాన పట్టుకుంది. ఆదివారం మధ్యాహ్నం వీధంతా తలుపులు వేసుకుని పడుకుంది.

ఉన్నట్టుండి పైన రొద. కిటికీలన్నీ తెరిచి పెట్టినట్టున్నాడు, వీధి అదిరిపోయింది.

కరెంటు పోయింది. అయినా ఆగలేదు. రేకు మీద సుత్తితో బాదుతున్నాడు.

దాసు విసురుగా మెట్లెక్కాడు. వెనకే భార్య పుష్పవల్లి, మాధవి, నిద్ర చెడిన ఇరుగుపొరుగువాళ్ళు.

వెళ్తూనే దాసు అతని చెంప మీద కొట్టాడు.

షిగెతా దాసు చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి లాగాడు.

వీధి చివరి నుంచి బురదనీళ్ళు కార్లను దొర్లించుకుంటూ వస్తున్నాయి.

"పక్కింట్లో రెంగసామి తాత ఒక్కడే ఉన్నాడు. లేవలేడు," అంది పుష్పవల్లి.

ఆమె చూపిన వైపు చూసి, దాసు కదిలేలోపే షిగెతా దిగిపోయాడు. గుండెలోతు నీళ్ళలో తాతను మోసుకొచ్చి, మెట్ల మీద దాసు చేతుల్లో పెట్టాడు.

ఎదురింట్లోంచి ఏదో కేక వినిపించింది. అతను మళ్ళీ నీళ్ళలోకి దిగాడు.

"పోకు, వచ్చీ," అని దాసు అరుస్తూనే ఉన్నాడు.

నీళ్ళు తీశాక, పెద్ద కాలువ దగ్గర షిగెతా శవం దొరికింది.

అస్థికల కోసం జపాన్ నుంచి ఒక సినిమా దర్శకురాలు వచ్చింది. దాసు ఆమె ఎదుట కూర్చోలేకపోయాడు.

"ఆయన్ని నేను కొట్టినానని సెప్పు," అన్నాడు కూతురితో.

మాధవి ఇంగ్లీషులో చెప్పింది. ఆమె తల దించుకుంది.

"ఆ మ్యూజిక్ ఎక్కడ నేర్సినాడో అడుగమ్మా."

ఆమె చాలాసేపు మాట్లాడింది. వింటున్నకొద్దీ మాధవి ముఖం పాలిపోయింది.

"ఎక్కడా నేర్సుకోలేదట నాన్నా," అంది చివరికి. "వాళ్ళ ఊరి మీదికి సముద్రం వచ్చిన నాడు, సైరన్ మోగించకుండా కొండ మీదికి పారిపోయిన డ్యూటీ మనిషి ఆయనేనట."