కాగితంలో లేని వాక్యం

"దొరికితే ఎక్కడికి తేవాలో రాయలేదేం తల్లీ?" అని అడిగాను.

కిన్షాసాలో మా రేడియోకి తప్పిపోయినవాళ్ల ప్రకటనలు వస్తే చదివేది నేనే. బోలుంబు అనే ఆవిడ తెచ్చిన కాగితంలో కొడుకు పేరు, తొమ్మిదేళ్ల వయసు, పచ్చ నిక్కరు, మోచేతి మీద కాలిన మచ్చ, అన్నీ ఉన్నాయి. చివరి వాక్యమొక్కటే లేదు.

"అది వద్దయ్యా."

"అది లేకపోతే ప్రకటనెలా అవుతుంది?"

నాకు ఒళ్లు మండింది. పిల్లల్లో దయ్యముందని వీధిలోకి తోసేసి, నలుగురి నోళ్లు మూయించడానికి వెతుకుతున్నట్టు నటించేవాళ్లు మా ఊళ్లో తక్కువేం కాదు.

"నువ్వే గెంటేశావు కదూ?"

"నేనే. గోడెక్కించి అవతలికి దూకమన్నాను. దయ్యం వదిలిస్తానని వాళ్ల నాన్న కాల్చిన చువ్వ పెట్టాడు. మళ్లీ పెడతానన్నాడు."

నేను తల దించుకున్నాను. "మరి ఈ వెతకడం దేనికి?"

"అమ్మ వద్దనుకుందని ఏడుస్తూ పోయాడు. బజారులో ఏ కొట్లో చూసినా మీ రేడియోనే కదా. నేను వాడికోసం తిరుగుతున్నానని ఒక్కసారి వాడి చెవిన పడితే చాలు. ఇంటికి మాత్రం ఎవరూ తేకూడదు."

ఆమెను స్టూడియో అద్దం అవతల కూర్చోబెట్టి మైకు ముందుకు వెళ్లాను. పేరు, వయసు, నిక్కరు, మచ్చ నిదానంగా చదివాను. వాళ్లమ్మ వెతుకుతోందని రెండుసార్లు చెప్పాను. కాగితం అయిపోయింది. పందొమ్మిదేళ్ల అలవాటు, నా నోరు ఆగలేదు.

"దొరికినవారు దయచేసి కన్నవాళ్లకు అప్పగించండి."

ఆమె రెండు చేతులతో అద్దాన్ని బాదుతోంది. మా గదిలోకి బయటి చప్పుడు రాదు.