నువ్వుగింజంత మైసవ్వ

గోడకు ఒకటే మేకు. కింద రెండు బొమ్మలు.

రెండింటిలోనూ నాందేడ్ గోదావరి ఘాటే. అవే మెట్లు, అదే పడవ, అవతలి ఒడ్డున అదే తుమ్మతోపు. ఒకటి శివరాం వేసింది. రెండోది, హైదరాబాదులో రెండేళ్లు బొమ్మలు నేర్చుకుని వచ్చిన కొడుకు మాణిక్ వేసింది.

రేపు మాణిక్ తల్లి మైసవ్వ సంవత్సరికం. బతికున్నన్నాళ్లూ పొద్దున్నే బిందె పట్టుకుని ఆ ఘాటుకే పోయిన మనిషి. చుట్టాలు వచ్చేసరికి ఏదో ఒక బొమ్మ గోడకెక్కాలి.

శివరాం బొమ్మలో మైసవ్వ పడవ కంటే పెద్దది. మెట్లన్నీ కలిపినా ఆమె చీర అంచుకు సరిపోవు. తాతలు నిర్మల్ నుంచి తెచ్చుకున్న చేతిపని అది. ముఖ్యమైన మనిషి ఎప్పుడూ పెద్దగానే ఉండాలి. నలభై ఏళ్లుగా దేవుళ్లనూ దొరలనూ అలాగే వేశాడు, ఒక్కరూ తప్పు పట్టలేదు.

ఇక కొడుకు బొమ్మలో ఎంత వెతికినా తన పెళ్లాం మైసవ్వ కనబడితే ఒట్టు.

“మీ అవ్వ ఏదిరా?”

“గదిగో బాపూ, నీళ్ల కాడ.”

మాణిక్ వేలు పెట్టి చూపించాడు. నువ్వుగింజంత ఎర్రచుక్క.

“గిదా? గింతనా?” శివరాంకు ఒళ్లు మండింది. “నిన్ను కన్న మనిషిరా అది!”

“దూరమున్నది గద బాపూ. దూరం పోయినకొద్ది మనిషి చిన్నగైతడు. నీకు శక్ ఉంటె పోయి చూడు.”

పోయి చూశాడు. కోడలు ఉమాబాయిని వెంటబెట్టుకుని ఘాటు పైమెట్టు మీద నిలబడ్డాడు. ఎండాకాలం. నీళ్లు ఎక్కడో ఇసుక అవతలకు పోయాయి.

“నడువు బిడ్డా, నీళ్ల దాంక.”

మామకు మతిగాని తప్పిందా అని వెనక్కి వెనక్కి చూస్తూనే ఉమాబాయి బిందెతో నడిచింది.

మొదట కాలి కడియాలు కనబడకుండా పోయాయి. తర్వాత ముఖం. ఇక చీర ఒక్కటే మిగిలింది, పిడికెడంత, బొటనవేలంత.

మరి ఇన్నేళ్లూ ఈ కళ్లు ఏం చూశాయి? మైసవ్వ రోజూ ఇలాగే నడిచిపోయేది కదా, ఒక్కనాడూ చిన్నదైనట్టు తోచలేదే!

“ఆగు బిడ్డా! ఇగ పోకు! వాపస్ రా!”

ఉమాబాయి తిరిగింది. అడుగడుగుకూ పెరిగింది. చీర, ముఖం, కడియాలు, ఒక్కొక్కటే మళ్లీ వచ్చాయి.

శివరాం ఆమె చేతిలోని బిందె అందుకుని ఇంటిదారి పట్టాడు.

ఇంటికి రాగానే తన బొమ్మను గుడ్డలో చుట్టేశాడు. కొడుకు బొమ్మను మేకుకు తగిలించాడు.

“నీదే నిజంరా. గని, మీ అవ్వ అటు పోతున్నదా, ఇటొస్తున్నదా?”

మాణిక్ వంగి చుక్కను దగ్గరగా చూశాడు.

“గది నేను ఆలోచన చెయ్యలే బాపూ.”

ఆ సాయంత్రం శివరాం ఎర్రచుక్క పక్కన గోరు ఆనించి కొలుచుకున్నాడు.

తెల్లవారి, చుట్టాలు రాకముందే, పెరిగిందా అని మళ్లీ కొలిచాడు.