ఎదురు కొట్టు

రాత్రంతా తెరిచి ఉండే ఆ రెండు కొట్లు రెండు పోటీ కంపెనీలవి. వీధికి ఇటు దాంట్లో అక్క, అటు దాంట్లో చెల్లెలు పనిచేసేవారు. బేరాలు లేనప్పుడు అద్దాల్లోంచి వెక్కిరించుకుని నవ్వుకునేవారు. జ్వరమొచ్చి చెల్లెలు పోయింది. ఆ వెంటనే అక్క కంపెనీ రెండోదాన్ని కొనేసి, ఎదురు కొట్టు మూయించింది.

ఈ రాత్రి అక్కడ దీపం వెలిగింది. ఖాళీ అరల మధ్య చెల్లెలు నిలబడి ఉంది. అక్క కౌంటర్ మీది ఫోన్ మోగింది.

"అక్కా, తాళం వేసుకుని అందరూ వెళ్ళిపోయారే. నాకెవ్వరూ చెప్పలేదు."

అక్క గుండె చెరువైంది.

"ఏడవకే తల్లీ, వస్తున్నా!"

భయం మరిచి వీధి దాటింది. అద్దం అవతల చీకటి. ఎంత పిలిచినా పలుకు లేదు. కళ్ళు తుడుచుకుంటూ వెనక్కి తిరిగింది.

తన కొట్లో, కౌంటర్ వెనక, చెల్లెలు అక్క కోసం వెతుక్కుంటోంది.