తీసెయ్యమన్న వాక్యం

కల్నల్ యుద్ధం నుంచి భార్యకి రాసిన ఉత్తరాలను ఆయన కూతురు పుస్తకంగా వేయిస్తోంది. టైపు చేసింది నేను.

"పాపకి దగ్గు తగ్గిందా? ఇవాళ ఊరినంతా బడిలోకి తోలి తగలబెట్టించాను. పొగకి కళ్ళు మండుతున్నాయి."

"ఆ పాపని నేనే!" అని మురిసిపోయిందావిడ. నేను పళ్ళు నూరాను.

ప్రూఫు దిద్దుతూ ఆ పేజీ దగ్గరే ముఖం మాడ్చుకుంది. "ఒక్క వాక్యం తీసెయ్ బాబూ. ఇది అచ్చయితే నాన్న పరువేం కాను?"

ఇన్నేళ్ళకైనా సిగ్గేసిందే అనుకున్నాను. "బడి సంగతేనా అమ్మా?"

"అదెందుకు? అది ఆయన డ్యూటీ కదా! దాని కింది వాక్యం."

వంగి చూశాను. ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేసింది.

"ఒక పిల్ల కిటికీలోంచి దూకి పారిపోతుంటే, చూసి కూడా ఊరుకున్నాను."