చిక్కుపడ్డ బొచ్చు

హీరామణికి ఓపిక నశించింది.

కుందేలు రూయీ మళ్లీ ఆమె చేయి గీరి మంచం కిందికి దూరింది. పొట్ట కిందా చంకల్లోనూ దాని అంగోరా బొచ్చు ఉండలు కట్టింది. స్నానం చేయిస్తే విడిపోతాయనుకుంటే, ఆరేసరికి గొంగడి ముక్కల్లా గట్టిపడ్డాయి.

“రిధీ! కుందేలు కావాలని ఇల్లెక్కి అరిచింది నువ్వు. దువ్వేది మాత్రం నేనా?”

“నువ్వు దువ్వితే ఏడుస్తోంది పిన్నీ,” అంది సవతి కూతురు.

“నాకూ ఏడుపొస్తోంది, ఎవరికి చెప్పుకోను?”

గుమ్మంలో ఎవరో దగ్గారు. తలకు రుమాలు కట్టుకున్న స్త్రీ.

“ఇది హీరామణి గారి ఇల్లేనా?”

గర్సా ఊరి నుంచి రావలసిన, కుందేళ్ల బొచ్చు దువ్వే ఆమె ఇప్పటికి దిగిందన్నమాట!

“ఇదే. పొద్దున్నే రమ్మంటే ఇప్పుడా రావడం?”

“కాదమ్మా, నేను...”

“కొండచరియ పడింది, బస్సు ఆగింది. అంతేగా? ముందు దీని పని చూడు.”

ఆమె రిధి వంక కాసేపు చూసింది. తరవాత కూర్చుని, రూయీని ఒళ్లోకి తీసుకుని కళ్ల మీద అరచెయ్యి కప్పింది. కుందేలు కదల్లేదు. ఉండను వేళ్లతో కొస నుంచి పాయలు పాయలుగా విడదీయసాగింది.

“కత్తెర ఇదిగో, కత్తిరించి పారెయ్.”

“తోలు పలచన. తెగుతుంది.”

“అయితే సాయంత్రం దాకా ఇదే భాగోతమా?”

“నాకు తొందరేం లేదు.”

రిధి మెల్లగా దగ్గరికి జరిగింది. “దానికి నొప్పి పుట్టదా?”

“మొదలు అదిమి పట్టుకుంటే పుట్టదు.”

“నాకు పుడుతుంది, పిన్ని దువ్వితే.”

“క్షణం కుదురుగా కూర్చుంటే కదా!” కసిరింది హీరామణి.

కుందేలు పని అయ్యాక ఆమె దువ్వెన కడిగి తెచ్చింది. “రా, నీదీ చూద్దాం.”

రోజూ ఇల్లు పీకి పందిరేసే పిల్ల, జడ పూర్తయ్యేలోపే ఆమె మోకాలి మీద నిద్రపోయింది. జడ అల్లడం అయిపోయినా ఆమె చేతులు ఆ తల మీంచి లేవలేదు.

“ఇంక లే. పిల్లని పడుకోబెడతాను. కూలెంత?”

“వద్దమ్మా.”

టీ కూడా ముట్టకుండా వెళ్లిపోయింది. ‘ఎంత టెక్కు!’ అనుకుంది హీరామణి.

కాసేపటికి ఇంకొకామె సంచీతో రొప్పుతూ వచ్చింది. “ఏమనుకోకక్కా, గర్సా బస్సు దొరకలేదు. కుందేలేదీ?”

హీరామణి గుమ్మం దాటి వీధి కేసి చూసింది.

అప్పుడే అత్తగారు తోట నుంచి వచ్చి గంప దించింది. కోడలి ముఖం చూడకుండానే అంది.

“తలకు రుమాలు కట్టుకుని వంతెన దగ్గర బస్సెక్కుతూ కనబడిందే. ‘నేను కన్నబిడ్డకి ఒక్కసారి జడ వేయనిచ్చింది, మీ కోడలు చల్లగా ఉండాలి’ అంది.”