పదకొండో చెక్క

పదో పరంజా చెక్కను కూడా పెయింట్ మేస్త్రీ మంటలోకి తోశాడు. దాని మీద ఎర్రరంగుతో గీసిన గీత ముందుగా నల్లబడింది.

"దూదిలా అంటుకుందే," అన్నాడు ప్లంబర్.

"ఎండిన చెక్క కాదూ మరి."

పని దిగి, చేతులు కడుక్కుని, పొద్దువాలే వేళ స్నేహితులతో చలిమంట చుట్టూ కూర్చుంటే ఎవరికైనా హాయే. ఆ మంటలో పగవాడి గుర్తులు కాలుతుంటే ఇక చెప్పేదేముంది.

ఆ పగవాడు స్టోర్ కీపర్. మూడు నెలల కిందట ఎక్కడినుంచో వచ్చి చేరిన ముసలాయన. ఒక్కరోజులో పదకొండు చెక్కలు పనికిరావంటూ ఎర్ర గీతలు పెట్టాడు. కొత్తవి వచ్చేలోపు మేస్త్రీ చేతిలోని ఒక పెద్ద పని ఇంకో మేస్త్రీకి పోయింది. దాంతోపాటే నలుగురిలో పరువూ పోయింది.

మేస్త్రీ ఊరుకుంటాడా? మెల్లగా ఓనర్ చెవిన వేశాడు.

"స్టోర్ కీపర్ సాయంత్రాలు చెక్కలు గేటు దాటిస్తున్నాడండీ."

పచ్చి అబద్ధం. అయితేనేం, ఇవాళ పొద్దున ముసలాయన ఉద్యోగం ఊడింది.

"తిక్క కుదిరింది," అన్నాడు లారీ డ్రైవర్.

"ఇంకా కుదరలేదు. సామాన్లతో ఇటే పోవాలిగా, రానీ."

ముసలాయన రానే వచ్చాడు, చేతిలో ఒక సంచితో.

"రండి పెద్దాయనా, చలి కాచుకోండి. మీరు గీతలు పెట్టినవే," అన్నాడు మేస్త్రీ.

ముసలాయనకు కోపం రాలేదు. మంటలోకి తొంగి చూశాడు.

"అన్నీ వేశారా? పదకొండుండాలి."

"పది వేశాం. పదకొండోదాని మీద కూర్చున్నాం."

అటూ ఇటూ ఇటుకలు పేర్చి చెక్కను బల్లలా వేసుకున్నారు. గీతను శుభ్రంగా గీకేశారు.

"చూశారా, నేనూ ప్లంబరూ ఇద్దరం కూర్చున్నా కిర్రుమనలేదు. రేపు మా తమ్ముడు దీని మీదే నిలబడి నాలుగో అంతస్తుకు రంగేస్తాడు. మీ గీతల విలువేంటో అందరూ చూస్తారు."

ముసలాయన ముఖం పాలిపోయింది.

"నన్ను దొంగన్నావు, సరే. ఇది మాత్రం మంటలో వెయ్యి నాయనా. నీకు దణ్ణం పెడతా."

నిజంగానే చేతులు జోడించాడు. మేస్త్రీ కళ్లు చల్లబడ్డాయి. ఇన్నాళ్లూ ఎదురుచూసింది ఈ దణ్ణం కోసమే.

"వెయ్యను. మీ బస్సుకి టైమైంది."

ముసలాయన వంగి చెక్కను లాగబోయాడు. ప్లంబర్ లేచి, ఆయన భుజాలు పట్టుకుని గేటు బయటికి నెట్టి వచ్చి, మళ్లీ చెక్క మీద కూర్చున్నాడు.

"పీడ వదిలింది. నువ్వూ వచ్చి కూర్చో అన్నా," అని మేస్త్రీ లారీ డ్రైవర్‌ని పిలిచాడు.

లారీ డ్రైవర్‌ది భారీ శరీరం. అలా కూర్చున్నాడో లేదో, చెక్క ఫెళ్లున విరిగింది. ముగ్గురూ దబ్బున కిందపడ్డారు. పడింది జానెడు ఎత్తునుంచే. మిగతా ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

మేస్త్రీ నవ్వలేదు.

విరిగినచోట చెక్క లోపలంతా పిండి. పైన మాత్రం వేలి మందం కూడా లేని గట్టి పొర. వేలితో నొక్కితే పొడి రాలింది.

తమ్ముడు గుర్తొచ్చాడు. మేస్త్రీ గేటు దగ్గరికి పరుగెత్తాడు.

"ఇప్పుడే బస్సెక్కాడు," అన్నాడు వాచ్‌మన్. "ఎక్కడికని అడిగితే చెప్పలేదు."

"అసలు ఎవరు తాతా ఆయన?"

"నీలాగే పెయింట్ మేస్త్రీ అటయ్యా ఒకప్పుడు. ఎవరో పెట్టిన ఎర్ర గీతని గీకేసి, ఆ చెక్క మీదికి సొంత తమ్ముణ్ణి ఎక్కించాడట."