మడుగు గట్టున సన్మానం

అడవి విద్యాపీఠంలో పొద్దున్నే గోరింక చెట్టెక్కి వార్తలు చెబుతుంది. ఆ రోజు ఇలా చెప్పింది: "మన మడుగు నీళ్లు అద్దంలా ఉన్నాయంటే అది దుప్పిగారి చలవే! రోజంతా గట్టునే నిలబడి కనిపెట్టుకుని ఉంటున్న వారికి ఈ పూట సన్మానం!"

మడుగు అడుగున పాచి తింటున్న నత్త మేత ఆపి పైకి చూసింది. దుప్పి నిలబడేది నీళ్లలో తన కొమ్ములు చూసుకోవడానికి కదా!

"కప్ప వదినా, ఈ పాచి తీసేది నేననుకున్నానే?" అంది.

"వార్తల్లో చెప్పాక ఇంకా అనుమానమేమిటే, పిచ్చిదానా!" అంటూ కప్ప చప్పట్లు కొట్టడానికి గెంతుకుంటూ పోయింది.

నత్తకు తల తిరిగిపోయింది. మరి ఇన్నాళ్లూ తను తిన్నదేమిటి? ఎంత ఆలోచించినా తెగలేదు. మడుగు బాగుచేయడమంటే గట్టున నిలబడటమే కాబోలనుకుని, పాకుతూ పాకుతూ వెళ్లి దుప్పి కాళ్ల పక్కన చేరింది.

నెల తిరక్కుండానే నీళ్లు పచ్చగా చిక్కబడ్డాయి. చదువుకునే కుందేలు పిల్లలు మూతి పెట్టబోయి వెనక్కి తగ్గాయి. దుప్పికి కొమ్ములు కనిపించడం మానేశాయి.

ఆ మర్నాడు పొద్దున్నే గోరింక చెట్టెక్కి గొంతు సవరించుకుంది. "శుభవార్త! మడుగు సేవలో దుప్పిగారికి నత్తగారు కూడా తోడయ్యారు. ఇక మన నీళ్లకు ఢోకా లేదు!"

వార్తల్లో తన పేరు వినడం నత్తకు అదే మొదటిసారి. సంతోషించాలో, నీళ్లలోకి దిగాలో దానికి పాలుపోలేదు.